జర్రా కన్నా సూక్ష్మమైన దాని కోసం మరో మహాయంత్రం అవసరమా?

నెల్లూరు సీమ దక్షిణపు అంచున, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. 2022లో జిల్లాల విభజన జరిగాక అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా నెల్లూరు తీరవాసులకు అది నేటికీ తమ ముంగిలే. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు అక్కడి నుంచి తొలిసారి నింగికి లేచింది. ఆనాటి నుంచి ఈ తీరం ఒక ప్రశ్నను వింటూనే ఉంది: పేదరికం తీరని దేశానికి ఆకాశంలో ఏం పని?

ఇప్పుడు అదే ప్రశ్న ప్రపంచం ముందు మరో రూపంలో నిలిచింది. ఈసారి ప్రయాణం ఆకాశంలోకి కాదు, పదార్థపు లోతుల్లోకి. ఐరోపాలో జెనీవా నగర సమీపాన భూగర్భంలో 91 కిలోమీటర్ల చుట్టుకొలత గల మహాయంత్రాన్ని నిర్మించాలని భౌతిక శాస్త్రవేత్తలు కోరుతున్నారు. మొదటి దశకే సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు, అంటే మన లెక్కలో దాదాపు లక్షన్నర కోట్ల రూపాయలు కావాలి. కంటికి కనబడని కణాల కోసం ఇంత ధనమా? ఇది దుబారా కాదా? ఇస్రాఫ్‌ను నిషేధించిన ధర్మాన్ని అనుసరించే మనం ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. దానికి శాస్త్రం ఏం జవాబిస్తుందో తెలుసుకోకుండా తీర్పు చెప్పడమూ న్యాయం కాదు.

తీరం నేర్చుకున్న పాఠం

శ్రీహరికోట విషయంలో జవాబు వాదనలతో రాలేదు, కాలంతో వచ్చింది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్టు బంగాళాఖాతంలో కూలిపోయింది. ఆ ప్రాజెక్టుకు సారథి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలామ్. ఆనాడు పత్రికల వారి ముందు వైఫల్య భారాన్ని ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ తన భుజాన వేసుకున్నారు. 1980 జులై 18న రెండో ప్రయోగం సఫలమైనప్పుడు మాత్రం మాట్లాడేందుకు కలామ్‌నే ముందుకు పంపారు. ఈ సంగతిని కలామ్ జీవితాంతం కృతజ్ఞతతో చెప్పుకున్నారు.

1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. తుపాను ఏ రోజున, ఏ చోట తీరం దాటుతుందో ఆనాటి పల్లెలకు కచ్చితంగా చెప్పగలిగిన వారు లేరు. నేడు ఆ సమాచారం ముందే అందుతోంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు జిల్లాను కుదిపినప్పుడు లోతట్టు ప్రాంతాల జనాన్ని ముందుగానే తరలించగలిగారు. మేఘాల కదలికను గమనించే ఇన్సాట్-3డి.ఆర్. ఉపగ్రహం 2016లోనూ, ఇన్సాట్-3డి.ఎస్. 2024లోనూ ఎగిరింది శ్రీహరికోట నుంచే. సముద్రపు రంగును, ఉష్ణోగ్రతను ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు తెలియజేస్తోంది. తిండి లేని వాడికి రాకెట్టు ఎందుకన్న ప్రశ్నకు వల వేసే చేతుల్లోకే జవాబు చేరింది.

అయితే ఈ పోలికను ఒక హద్దు వరకే తీసుకోవాలి. రాకెట్టు దేనికి పనికివస్తుందో దాన్ని కలగన్న వారికి ముందే తెలుసు. కొలైడర్ అనే కణ తాడన యంత్రం సంగతి అలా కాదు. దాని వల్ల ఫలానా వస్తువు చేతికి వస్తుందని నిజాయితీ గల శాస్త్రవేత్త ఎవరూ హామీ ఇవ్వరు. కాబట్టి దాని పక్షాన వాదన కూడా మరో చోట మొదలవ్వాలి.

‘దైవకణం’ అనే తప్పుడు పేరు

2012 జులై 4న జెనీవాలోని సెర్న్ పరిశోధనా కేంద్రం హిగ్స్ బోసాన్ అనే కణాన్ని కనుగొన్నట్టు ప్రకటించింది. మరుసటి రోజు మన పత్రికల్లో అది ‘దైవకణం’గా దర్శనమిచ్చింది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త లియాన్ లెడర్‌మన్ 1993లో వెలువరించిన ఒక పుస్తకం శీర్షిక నుంచి పుట్టిన పేరది. శాస్త్రవేత్తల్లో చాలామందికి ఆ పేరు నచ్చదు. పీటర్ హిగ్స్‌కే అది నచ్చలేదు. తౌహీద్‌ను నమ్మే వారికి ఇందులో కలవరపడవలసినదేమీ లేదు. హిగ్స్ కణం సృష్టిలో భాగం. సృష్టికర్త గుణమేదీ దానికి లేదు. ఎలక్ట్రాన్ ఎలాంటి సృష్టో అదీ అలాంటి సృష్టే.

దీనికి ముందు, 2008 సెప్టెంబరులో ఆ యంత్రం మొదలైనప్పుడు, కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని కొన్ని టీవీ ఛానళ్లు ఇళ్లల్లో భయం నింపాయి. ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్ వద్దనే ఉన్నదని తెలిసిన విశ్వాసికి ఆ భయం తగదు. శాస్త్రపరంగా చూసినా అది నిరాధారం. ఈ యంత్రంలోని తాకిడుల కన్నా ఎన్నో రెట్లు శక్తిమంతమైన విశ్వకిరణాలు కోట్లాది ఏళ్లుగా భూమి వాతావరణాన్ని ఢీకొంటూనే ఉన్నాయి. ఆ తాకిడుల నుంచి పుట్టిన మ్యువాన్లనే కణాలు ఈ వాక్యం చదువుతున్న మీ అరచేతి గుండా కూడా సెకనుకు సుమారు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. భూమి చెక్కుచెదరలేదు.

కొలైడర్ పని ఏమిటి?

గూడూరు, సైదాపురం ప్రాంతాల వారికి అభ్రకం కొత్త కాదు. ఇక్కడి గనుల అభ్రకం ఒకప్పుడు దేశదేశాలకు వెళ్లింది. రేడియో ధార్మికతను కొలిచే గైగర్ గొట్టం మూతికి పలుచని అభ్రకపు రేకును బిగిస్తారు. గాజు ఆపివేసే ఆల్ఫా కణాలను ఆ రేకు లోపలికి రానిస్తుంది. అణువు లోపలి సంగతులు మనిషికి మొదట తెలిసినది ఇలాంటి చిన్న సాధనాలతోనే. 1911లో రూథర్‌ఫోర్డ్ అణు కేంద్రకాన్ని గుర్తించడానికి ఉపకరించిన పరికరాలు ఒక బల్ల మీద పట్టేటంతటివి.

లోతుకు వెళ్లే కొద్దీ సాధనం పెద్దదవుతుంది. దానికి కారణం ప్రకృతి నియమమే. ఎంత చిన్నదాన్ని చూడదలిస్తే అంత ఎక్కువ శక్తి కావాలి. కణాలను విద్యుత్ క్షేత్రంతో తరిమి, అయస్కాంతాలతో వలయంలో తిప్పి, దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టిస్తే, ఆ శక్తి ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం కొత్త కణాలుగా రూపుదాలుస్తుంది. ఇప్పుడున్న లార్జ్ హాడ్రాన్ కొలైడర్ చుట్టుకొలత 27 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు నాయుడుపేట నుంచి సూళ్లూరుపేట దాకా. నేలకు సుమారు వంద మీటర్ల లోతున ఉన్న ఆ సొరంగంలో అయస్కాంతాలను ద్రవ హీలియంతో సున్నాకు దిగువన 271 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరుస్తారు. సుమారు వంద కోట్ల తాకిడుల్లో ఒక్క దానిలో మాత్రమే హిగ్స్ కణం పుడుతుంది. పుట్టిన మరుక్షణమే ఇతర కణాలుగా విడిపోతుంది.

ఇంత కష్టపడి కనుగొన్న ఆ కణం ఎందుకంత ముఖ్యం? 1964లోనే పీటర్ హిగ్స్, ఫ్రాంస్వా ఆంగ్లేర్ మొదలైన వారు ఒక ఊహ చేశారు. విశ్వమంతటా ఒక క్షేత్రం వ్యాపించి ఉందనీ, ఎలక్ట్రాన్ వంటి మూలకణాలకు దానితో ఉన్న సంబంధం వల్లనే ద్రవ్యరాశి కలుగుతుందనీ వారు భావించారు. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి లేకపోతే అది కేంద్రకం చుట్టూ నిలవదు. అప్పుడు అణువు లేదు, నీరు లేదు, మనిషి లేడు. ఆ క్షేత్రం నిజంగా ఉన్నదనడానికి ప్రత్యక్ష సాక్ష్యం హిగ్స్ కణమే. 2013లో హిగ్స్, ఆంగ్లేర్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఇక ‘బోసాన్’ అన్న మాట మన దేశపు శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద వచ్చింది.

తెలిసినది ఐదు పాళ్లే

హిగ్స్ దొరికింది కదా, ఇక కొత్త యంత్రం ఎందుకని అడగవచ్చు. అది దొరకడమే కొత్త ప్రశ్నలకు తలుపు తెరిచింది.

మొదటి ప్రశ్న హిగ్స్ గురించే. అది నిజంగా విభజన లేని మూలకణమా, లేక మరింత చిన్నవాటి కూర్పా? అది తనతో తాను ఎలా ప్రతిస్పందిస్తుంది? ఈ రెండో ప్రశ్న కేవలం లెక్కల విషయంలా తోచవచ్చు. విశ్వం ఆరంభ క్షణాల్లో హిగ్స్ క్షేత్రం ఎలా స్థిరపడిందో, ఇకముందు ఎంత స్థిరంగా ఉంటుందో దాని మీదే ఆధారపడి ఉంది. ప్రస్తుత యంత్రాన్ని మెరుగుపరచి 2030 ప్రాంతంలో తిరిగి నడిపించబోతున్నారు. అది తన పని పూర్తిచేశాక కూడా ఈ కొలతలో సుమారు 30 శాతం వరకు అనిశ్చితి మిగలవచ్చని అంచనా. బియ్యం తూకంలో అంత తేడా వస్తే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. విశ్వం స్థిరత్వానికి సంబంధించిన లెక్కలో ఎలా ఒప్పుకోవాలి?

రెండోది పదార్థం మిగలడం గురించి. విశ్వారంభంలో పదార్థం, ప్రతిపదార్థం సమానంగా పుట్టి ఉండాలని సిద్ధాంతం చెబుతుంది. రెండూ కలిస్తే నశించి వెలుగుగా మారిపోతాయి. అలాంటప్పుడు ఈ నక్షత్రాలు, ఈ భూమి, మనం ఎలా మిగిలాం? ఎక్కడో ఒక స్వల్ప అసమానత ఉండి తీరాలి. ఇప్పటిదాకా కొలిచిన అసమానతలు దానికి చాలవు.

మూడోది కృష్ణ పదార్థం. మనం చూసే నక్షత్రాలు, గ్రహాలు, వాయువులు అన్నీ కలిపి విశ్వంలో ఐదు శాతం మాత్రమే. సుమారు 27 శాతం కనబడని కృష్ణ పదార్థం. మిగిలిన 68 శాతం అంతకన్నా అంతుచిక్కని కృష్ణ శక్తి. మనిషి తన జ్ఞానాన్ని చూసి గర్వపడే కాలంలో, సృష్టిలో తొంభై ఐదు పాళ్లు ఏమిటో మనకు తెలియదని శాస్త్రమే వినయంగా చెబుతోంది.

దివ్య ఖుర్ఆన్‌లో యూనుస్ సూరా 61వ ఆయతులోనూ, సబా సూరా 3వ ఆయతులోనూ అల్లాహ్ జ్ఞాన విస్తృతి ప్రస్తావన వస్తుంది. జర్రా అంత బరువైనదీ, దానికన్నా చిన్నదీ ఏదీ ఆయనకు మరుగుగా ఉండదన్నది ఆ ఆయతుల సారాంశం. దీన్ని పట్టుకుని హిగ్స్ కణం ఖుర్ఆన్‌లో ముందే ఉందని వాదించడం సరికాదు. ఖుర్ఆన్ మార్గదర్శక గ్రంథం. దాన్ని భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంగా మార్చితే, రేపు సిద్ధాంతం మారినప్పుడు నష్టపోయేది సామాన్యుడి విశ్వాసమే. అయితే ఆలి ఇమ్రాన్ సూరా చివరి భాగం భూమ్యాకాశాల సృష్టి గురించి ఆలోచించడాన్ని బుద్ధిమంతుల లక్షణంగా పేర్కొంటుంది. అతి సూక్ష్మమైన దానిని వెదకడం ఆ ఆలోచనకు వెలుపల ఉన్న పని కాదు.

ప్రతిపాదనలో ఏముంది?

‘ఫ్యూచర్ సర్క్యులర్ కొలైడర్’ అనే ఈ యంత్రపు సాధ్యాసాధ్యాల నివేదికను సెర్న్ 2025 మార్చి 31న విడుదల చేసింది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ దేశాల కింద, సగటున 200 మీటర్ల లోతున సొరంగం వెళుతుంది. దాని చుట్టుకొలత రైలు మార్గంలో నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకు ఉన్న దూరమంత. పని రెండు దశల్లో జరుగుతుంది. 2040ల నడుమ మొదలయ్యే తొలి దశలో ఎలక్ట్రాన్లను, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లను ఢీకొట్టిస్తారు. 2070లలో అదే సొరంగంలో ప్రోటాన్ల యంత్రాన్ని అమర్చి, నేటి యంత్రానికి ఆరేడు రెట్ల శక్తిని అందుకోవాలన్నది ఆలోచన.

రెండు దశలు ఎందుకో మన నెల్లూరు మొలగొలుకులతో అర్థం చేసుకోవచ్చు. ప్రోటాన్ ఒక బియ్యపు బస్తా వంటిది. దాని నిండా క్వార్కులు, గ్లువాన్లు ఉంటాయి. రెండు బస్తాలను ఢీకొట్టిస్తే గింజలు నలుదిక్కులా చిమ్ముతాయి. మనకు కావలసిన గింజ ఏ తాకిడి నుంచి వచ్చిందో ఆ చెదరులో వెదకాలి. ఎలక్ట్రాన్ అలా కాదు, అది ఒక్క గింజ. ఒక గింజను మరో గింజతో తాకిస్తే ఏం జరిగిందో స్పష్టంగా కనబడుతుంది. తొలి దశలో ఇలా పది లక్షలకు పైగా హిగ్స్ కణాలను నిర్మలమైన వాతావరణంలో పరిశీలించగలుగుతారు. జెడ్ బోసాన్లనే కణాలైతే లక్షల కోట్లలో పుడతాయి. 1989 నుంచి 2000 వరకు ఇదే సెర్న్‌లో నడిచిన పాత యంత్రపు నాలుగు ప్రయోగాలూ కలిసి సేకరించినవి సుమారు ఒక కోటి డెబ్బై లక్షలే.

ఇంత సూక్ష్మంగా కొలిచినప్పుడు సిద్ధాంతానికీ ప్రకృతికీ నడుమ వెంట్రుకవాసి తేడా ఉన్నా బయటపడుతుంది. యురేనస్ నడకలో కనిపించిన చిన్న తేడాను పట్టుకుని 1846లో నెప్ట్యూన్‌ను కనుగొన్నారు. బుధ గ్రహపు నడకలోని మరో చిన్న తేడా కొత్త గ్రహాన్ని చూపలేదు. దాన్ని వివరించడానికి న్యూటన్ సూత్రం చాలక ఐన్‌స్టీన్ సిద్ధాంతం కావలసి వచ్చింది. కొత్త కొలైడర్ పక్షాన ఉన్న బలమైన వాదన ఇదే. కొత్త కణం దొరికితే అది లాభం. దొరకకపోయినా కొలత మిగులుతుంది. మరే సాధనమూ ఇవ్వలేని కొలత అది.

అభ్యంతరాలకు బలం లేదా?

ఉంది. వాటిని దాచడం అమానతుకు విరుద్ధం.

శాస్త్రవేత్తల్లోనే వ్యతిరేకులున్నారు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త సబీన్ హోసెన్‌ఫెల్డర్ వారిలో ప్రముఖురాలు. ప్రస్తుత యంత్రం మొదలు కాక ముందు సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం చెప్పిన కొత్త కణాలు తప్పక దొరుకుతాయని చాలామంది ఆశ పెట్టారు. అవి దొరకలేదు. తరువాతి యంత్రానికి అలాంటి గట్టి సూచన కూడా లేదు. అంత ధనాన్ని వాతావరణ పరిశోధనకో, వైద్యానికో వెచ్చించవచ్చు కదా అన్నది వారి వాదన. సొరంగపు మట్టి, విద్యుత్ వినియోగం, ఉపరితలం మీద ఎనిమిది చోట్ల వచ్చే నిర్మాణాల గురించి అక్కడి గ్రామీణులూ ఆందోళన చెబుతున్నారు. ఈ చివరి మాట మన తీరానికి బాగా తెలుసు. శ్రీహరికోటలో కేంద్రం ఏర్పడినప్పుడు దీవిలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. తరతరాలుగా అక్కడ బతికిన యానాదులు ఆ మార్పు భారాన్ని మోశారు. జ్ఞానం అందరిదీ, భారం మాత్రం బలహీనులదీ అయితే అది న్యాయం కాదు. ఏ మహాయంత్రానికైనా ఇది మొదటి షరతు కావాలి.

ఇక ధనం మాట. ఆ 1,500 కోట్ల ఫ్రాంకులు ఒక్క రోజులో ఖర్చయ్యేవి కావు. పన్నెండేళ్ల పాటు ఎన్నో దేశాలు కలిసి పెట్టవలసినవి. 2024లో ప్రపంచ దేశాలు సైన్యాల మీద పెట్టిన ఖర్చు సుమారు 2 లక్షల 70 వేల కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధనా సంస్థ లెక్కగట్టింది. ఆ లెక్కన కొలైడర్ తొలి దశ మొత్తం ఖర్చు మూడు రోజుల సైనిక వ్యయానికి కూడా సరితూగదు. గాజా శిథిలాలను చూసిన తరానికి, ప్రపంచపు దుబారా ఎక్కడ ఉందో వేరే చెప్పనక్కరలేదు. పేదల హక్కు అయిన జకాత్‌కు దాని పద్దులు వేరుగా నిర్ణయమై ఉన్నాయి. దాన్ని ఏ ప్రయోగశాలా తాకదు. ప్రభుత్వాల ఖజానాలో విజ్ఞానానికి కేటాయించే పాలు ఎంత, అది ఏ పద్ధతిలో ఖర్చవుతోంది అన్నదే చర్చనీయాంశం. ఆయుధానికి, ఆడంబరానికి, రహస్యానికి కాకుండా, ఫలితాలన్నీ బహిరంగంగా ప్రకటించే సంస్థకు వెచ్చించే ధనాన్ని ఇస్రాఫ్ అనడం కష్టం.

కూలిన వేధశాలలు

పెద్ద సాధనాల చరిత్ర ముస్లింలకు పరాయిది కాదు. నేటి కొలైడర్లు చేస్తున్న పనినే ఒకనాడు మన వేధశాలలు చేశాయి. ఒక్క మనిషి వల్ల కాని కొలతను ఒక సమాజం సమకూర్చిన సాధనంతో సాధించడమే ఆ పని. 1259లో నసీరుద్దీన్ తూసీ మరాగాలో వేధశాల నెలకొల్పారు. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ 1420లలో కట్టించిన వేధశాలలోని కోణమాపక చాపం వ్యాసార్థం సుమారు 40 మీటర్లు. దూరదర్శిని లేని కాలంలో సూక్ష్మత సాధించాలంటే సాధనం పెద్దది కావాల్సిందే. ఆ చాపంతో వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలు లెక్కకు వచ్చాయి. నక్షత్ర సంవత్సరపు నిడివి ఒక నిమిషం లోపు తేడాతో తేలింది.

1577లో తఖీయుద్దీన్ ఇస్తాంబుల్‌లో మరో గొప్ప వేధశాలను నిర్మించారు. 1580లో సుల్తాను ఆజ్ఞతో అది నేలమట్టమైంది. సరిగ్గా ఆ కాలంలోనే డెన్మార్క్‌లో టైకో బ్రాహీ అలాంటి సాధనాలతోనే కొలతలు సేకరిస్తూ ఉన్నాడు. ఆ కొలతల మీదే కెప్లర్ గ్రహగతి సూత్రాలు లేచాయి, వాటిపై న్యూటన్ సిద్ధాంతం నిలిచింది. ఇస్తాంబుల్‌లో కూలినది ఒక కట్టడం మాత్రమే కాదు. రాబోయే తరాల కొలతలు కూడా దానితోనే పోయాయి.

ఇది ఒక్క ముస్లిం పాలకుల కథ కాదు. అమెరికా టెక్సాస్ రాష్ట్రంలో 87 కిలోమీటర్ల కొలైడర్‌ను తలపెట్టి, సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చు చేసి, కొంత సొరంగం తవ్వాక 1993లో ఆపేసింది. కణ భౌతికశాస్త్రపు నాయకత్వం ఐరోపాకు తరలిపోయింది. మన పొరుగున, తెలుగువారు పెద్ద సంఖ్యలో బతుకు వెళ్లదీసిన కోలార్ బంగారు గనుల్లోనూ ఇదే అనుభవం. 1965లో ఆ గనుల లోతున టాటా పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ మిత్రులతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను పట్టుకున్నారు. ప్రపంచంలోనే అవి తొలి సాక్ష్యాల్లో ఒకటి. గనులు మూతపడ్డాయి, పరిశోధన ఆగింది. దాని స్థానంలో తమిళనాడులో తలపెట్టిన న్యూట్రినో ప్రయోగశాలకు 2015లో కేంద్రం అనుమతించినా అది నేటికీ నిర్మాణం కాలేదు. సాధనం ఆగితే నైపుణ్యం వృద్ధులతోనే వెళ్లిపోతుంది. కొత్త కొలైడర్ గురించి ఇప్పుడే నిర్ణయించాలని శాస్త్రవేత్తలు తొందర పడటానికి ఇదొక కారణం.

దారిలో దొరికిన ఫలాలు

కొలైడర్‌ను ఫలానా వస్తువు కోసం కట్టరు. కానీ దాన్ని కట్టే దారిలో వస్తువులు దొరుకుతాయి. వేలాది శాస్త్రవేత్తలు సమాచారం పంచుకునే మార్గం కోసం 1989లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను రూపొందించారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని రుసుము లేకుండా ప్రపంచానికి విడిచిపెట్టింది. నేడు మన పిల్లలు తిలావత్ వినేదీ, పరీక్ష ఫలితాలు చూసుకునేదీ దాని మీదే. ఆసుపత్రుల్లో క్యాన్సర్ రోగులకు కిరణ చికిత్స అందించే లీనాక్ యంత్రం కూడా ఒక చిన్న కణ త్వరణ యంత్రమే.

అరబ్బు నేల మీద దీని ఫలం మరొకటి ఉంది. జోర్డాన్‌లోని అల్లాన్‌లో 2017 మే 16న సెసమీ అనే కాంతి కేంద్రం ప్రారంభమైంది. బెర్లిన్‌లో విరమించిన పాత యంత్రపు భాగాలను జర్మనీ ఇచ్చింది. కొత్త వలయానికి అయస్కాంతాలను సమకూర్చడంలో సెర్న్ తోడ్పడింది. జోర్డాన్, ఈజిప్టు, ఇరాన్, పాకిస్తాన్, పాలస్తీనా, టర్కీ, సైప్రస్, ఇజ్రాయిల్ దాని సభ్యులుగా చేరాయి. ఒకరి ముఖం ఒకరు చూడని ప్రభుత్వాల విద్యార్థులు అక్కడ ఒకే యంత్రం ముందు కూర్చున్నారు. 2019 నుంచి అది సౌర విద్యుత్తుతో నడుస్తోంది.

మన దేశం ఈ పనిలో ప్రేక్షక పాత్రలో లేదు. ప్రస్తుత యంత్రంలో బరువైన అయస్కాంతాలను సూక్ష్మంగా సరిచేసి నిలబెట్టే సుమారు 7,000 జాక్‌లు భారతదేశంలో తయారైనవే. అయస్కాంతాల అతివాహకత్వం హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు వాటిని కాపాడే విద్యుత్ పరికరాలు వేల సంఖ్యలో ఇక్కడి నుంచి వెళ్లాయి. వాటి తయారీలో హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. పాలుపంచుకుంది. సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగంలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం భాగస్వామి. జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలో హైదరాబాదు ఐ.ఐ.టి. పాల్గొంటోంది. 2015లో టర్కీ, పాకిస్తాన్‌లు, 2017 జనవరిలో భారత్ సెర్న్‌లో సహ సభ్యత్వం పొందాయి. దానితో భారత పౌరులు అక్కడి ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవచ్చు, మన పరిశ్రమలు టెండర్లలో పాల్గొనవచ్చు.

మన ఇళ్లలో జరగవలసినది

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా’ గ్రంథంలో వైద్యాన్ని, గణితాన్ని ఫర్జె కిఫాయాగా లెక్కించారు. అంటే సమాజంలో కొందరైనా నేర్చి తీరవలసిన విద్యలు. ఎవరూ నేర్వకపోతే దోషం అందరిదీ అవుతుంది. నేడు మన మొహల్లాల్లో ఇంటర్మీడియట్ తరువాత భౌతికశాస్త్రం చదువుతానన్న పిల్లవాడికి, ముఖ్యంగా ఆడపిల్లకు, ‘దానితో ఏం వస్తుంది?’ అన్న ప్రశ్నే మొదట ఎదురవుతుంది. ఇంజనీరింగు కాకపోతే చదువే కాదన్న భ్రమ మనకు ఎక్కువ.

దారులు దగ్గరలోనే ఉన్నాయి. నెల్లూరుకు కొద్ది గంటల దూరంలో, తిరుపతిలో, 2015 నుంచి ఐసర్ నడుస్తోంది. ఇంటర్ పూర్తయ్యాక ప్రవేశ పరీక్ష రాసి అక్కడ ఐదేళ్ల విజ్ఞాన విద్యలో చేరవచ్చు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, టాటా సంస్థ హైదరాబాదు కేంద్రం పరిశోధనకు తలుపులు తెరిచి ఉంచాయి. తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019 నుంచి ‘యువికా’ శిక్షణ నిర్వహిస్తోంది. డిగ్రీ స్థాయి విద్యార్థులకు సెర్న్ వేసవి శిక్షణ ఉంది. వీటిలో ఏదీ సిఫారసుతో దొరకదు. గణితంలో పట్టు, ఆంగ్లంలో చదివి అర్థం చేసుకునే శక్తి, తల్లిదండ్రుల ఓర్పు కావాలి. మొదటి రెండూ పిల్లలు సంపాదించుకోవాలి, మూడోది మనం ఇవ్వాలి.

కొత్త కొలైడర్‌పై సెర్న్ సభ్య దేశాలు 2028 ప్రాంతంలో తుది నిర్ణయం తీసుకోవచ్చు. అనుమతి లభిస్తే తొలి దశ మొదలయ్యే నాటికి ఈ రోజు ఒకటో తరగతిలో ఉన్న పాప ఇరవైల నడుమ ఉంటుంది. రెండో దశలో పని చేసేవారిలో చాలామంది ఇంకా పుట్టనే లేదు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో ఉన్న మొక్కను నాటమని దైవప్రవక్త (స) నేర్పారు. ఫలాన్ని తాము తినబోమని తెలిసీ నాటే చెట్లలో విజ్ఞానం ఒకటి. అల్లాహ్ మన బిడ్డలను ఆ తోటలో పని చేసేవారిగా చేయుగాక. ఆమీన్.